పావుగంట ప్రశాంతత

తెల్లవారగానే ఆ ఇంట్లో ముందుగా పొయ్యి ఎక్కేవి చేతులు కడిగే నీళ్లు. కూతురు బట్టల ఫ్యాక్టరీలో ఇస్త్రీ పని చేస్తుంది. తల్లికి మతిమరుపు జబ్బు. వయసు, ఊరు, తిన్నదీ లేనిదీ, ఎదురుగా ఉన్న కూతురి ముఖం కూడా ఒక్కొక్కటిగా మరిచిపోయింది. మిగిలింది ఒక్కటే. ఆమె చేతులను గోరువెచ్చని నీళ్లలో ముంచి, సబ్బు నురగతో ఒక్కో వేలినీ మెల్లగా రుద్దితే కళ్లు మూసుకుని ఆ వాసన పీల్చుకుంటుంది. ఇస్త్రీపెట్టె పట్టి కాయలు కాసిన కూతురి అరచేతిని బొటనవేలితో తడిమి, "బుల్లీ, వచ్చావా?" అంటుంది. ఇక ఆమె మనసు కుదుటపడ్డట్టే. పక్కింటి పిన్ని వచ్చి కూర్చుంటే సాయంత్రం దాకా పేచీ పెట్టదు.

దీనికి పట్టేది పావుగంట. డాక్టరు రాసిన మందులేవీ చెయ్యలేని పని అది.

ఆ పావుగంట మీదే ఫ్యాక్టరీ పెద్దల కన్ను పడింది. పనివాళ్లు చిరాకుగా ఉంటున్నారనీ, అందుకే చొక్కాలు కాలుతున్నాయనీ ఎవరో వాళ్ల చెవిన వేశారు. పనిగంటలు తగ్గిస్తే చిరాకూ తగ్గుతుందేమోనన్న ఆలోచన, పాపం, ఎవరికీ తట్టలేదు. షిఫ్టుకు పావుగంట ముందే హాల్లో కూర్చుని ప్రశాంతత నేర్చుకోవాలనీ, ఆలస్యమైతే గేటు మూసేస్తామనీ నోటీసు అంటించారు. ప్రశాంతతకు కూడా హాజరుపట్టీ పెట్టిన ఘనులు వాళ్లు!

కూతురు సూపర్‌వైజరు దగ్గరికి వెళ్లింది.

"సార్, పొద్దున నేను లేకపోతే మా అమ్మకి కుదరదు. ఆ క్లాసు సాయంత్రం పెట్టండి, ఎంతసేపైనా కూర్చుంటా."

"నీ ఒక్కదాని కోసం మారుస్తారా అమ్మా? మీ అమ్మనే కాస్త ముందు లేపు."

"నిద్రలో లేపితే భయపడిపోతుంది సార్."

"అలవాటవుతుందిలే. ఇదంతా మీ మంచికే కదా!"

అతనిది చెడ్డ మనసేం కాదు. అతని చేతిలో ఏమీ లేదు, అంతే.

మర్నాడు తల్లిని ముందే లేపి చూసింది. ఆమె బెదిరిపోయి కేకలు పెట్టి, నీళ్ల గిన్నెను తన్నేసింది. ఆ తర్వాత కూతురు లేపే ప్రయత్నం మానుకుని, నిద్రపోతున్న తల్లిని చూసి వెళ్లిపోసాగింది. ఉద్యోగం మానేద్దామంటే ఇల్లు గడిచేదే ఆ ఇస్త్రీపెట్టె మీద. పైగా ఆర్డర్లు ఎక్కువై ఆ నెలంతా ఆదివారాలు కూడా పనే. తల్లి లేచి, గదులన్నీ తిరిగి, వీధి తలుపు లాగుతూ ఏడుస్తోందని పిన్ని రోజూ చెబుతూనే ఉంది. కూతురు ఇల్లు చేరేసరికి తల్లి ఏడ్చి అలసి నిద్రపోయి ఉండేది.

హాల్లో క్లాసు చెప్పే టీచరమ్మ మెత్తటి మనిషి.

"కళ్లు మూసుకోండి. చేతికి ఏం తగులుతోందో గమనించండి. మీరు చెప్పండమ్మా."

"ఏమీ తగలట్లేదు మేడమ్. ఈ వేళకి మా అమ్మ చేతులు నా చేతుల్లో ఉండాలి."

క్లాసయ్యాక టీచరమ్మ ఆమెను ఆపి అంతా విన్నది. తిన్నగా మేనేజరు గదికి వెళ్లింది. పది నిమిషాల్లో ముఖం వేలాడేసుకుని బయటికి వచ్చింది.

"ఎంత చెప్పినా గోడకి చెప్పినట్టే ఉంది అక్కా. నేను పుస్తకాలు చదివి నేర్చుకున్నది నువ్వు రోజూ ఇంట్లో చేసేదానివి. దాన్ని మాన్పించి నీకు పాఠం చెబుతున్నాను. నాకే సిగ్గుగా ఉంది."

నెల గడిచాక ఒక సెలవు దొరికింది. కూతురు నీళ్లు కాచి, తల్లి తనంతట తాను లేచేదాకా మంచం పక్కనే కూర్చుంది. సబ్బు నురగతో వేళ్లు రుద్దింది. తల్లి బొటనవేలు కదల్లేదు. చేతులు మెల్లగా వెనక్కి తీసుకుంది.

"ఎవరమ్మా మీరు? మీకెందుకు శ్రమ? మా బుల్లి వచ్చి కడుగుతుంది."

"నేనే అమ్మా, బుల్లిని."

"అది పొద్దున్నే వస్తుంది. ఎందుకో ఈమధ్య రావట్లేదు."

కూతురు ఎన్నిసార్లు చెయ్యి అందించినా తల్లి మర్యాదగా వద్దంటూనే ఉంది. కూతురు మాత్రం ఏం చెయ్యగలదు? మర్నాడు గేటు మూయకముందే హాల్లో ఉంది. అందరితో పాటు కళ్లు మూసుకుంది.

అయ్యా, కష్టజీవులకు ప్రశాంతత నేర్పాలని మీరు తాపత్రయపడనక్కర్లేదు. వాళ్ల పొద్దుటిపూట వాళ్లకు వదిలేయండి, చాలు.