రెండు లైన్ల సారీ

ప్రయాణానికి రెండు రోజుల ముందు ఆమె కూతురి యూనిఫాం జతలు బీరువాలో సర్దుతూ ఒక్కో అరకీ చీటీ అతికిస్తోంది. సోమవారం, మంగళవారం, పీటీ ఉన్న రోజు, లేని రోజు. పక్క గదిలో అత్తగారు ఫోన్లో ఎవరితోనో మాట్లాడుతోంది. "ఇంట్లో ముసలిదాని మోకాళ్ళు ఎలా ఉన్నాయో అడిగే తీరిక లేదు గానీ, పరాయి దేశం ఆడవాళ్ళ ఆరోగ్యం చూసొస్తుందట మా కోడలు." ఆ మాట ఫోన్లో ఉన్నవాళ్ళకు కాదని, గోడకు ఇవతల ఉన్న తనకేనని ఆమెకు తెలుసు. తొమ్మిదేళ్ళ కాపురంలో అత్తగారి గొంతు ఏ గోడ దాకా వస్తుందో లెక్క తెలిసిపోయింది.

భర్తది ఇంకో తీరు. వారం రోజులుగా కనిపించిన వాళ్ళందరికీ "మా ఆవిణ్ణి విదేశం పంపిస్తున్నా, ఇంటర్న్‌షిప్‌కి, ఎనిమిది వారాలు" అని చెబుతున్నాడు. ఆ 'పంపిస్తున్నా' దగ్గర ఆమెకు ప్రతిసారీ ఎక్కడో కలుక్కుమనేది. పంపడానికి తానేమైనా పార్సిలా? దరఖాస్తు రాసింది తను, ఇంటర్వ్యూలో చెమటలు కక్కింది తను, పాస్‌పోర్టు ఆఫీసు వరసలో మూడు పూటలు నిలబడింది తను, టీకాల జ్వరంతో వంట చేసింది తను. ఆయన చేసిందల్లా వద్దనకపోవడం. అది చాలా పెద్ద పనేనని చుట్టాలందరూ ఏకగ్రీవంగా ఒప్పుకున్నారు. "అదృష్టవంతురాలివే, అలాంటి మొగుడు ఎంతమందికి దొరుకుతాడు" అన్నారు. ఆమె కూడా తలూపింది. తలూపడం తేలిక, మెడ దానంతటదే కదులుతుంది.

ఆమెకు ముప్పై ఒకటి. డాక్టరు చదువు మూడో ఏడాదిలో ఉండగా పెళ్ళయింది, ఆ వెంటనే పాప కడుపున పడింది, చదువు ఆగింది. పాప బడికి వెళ్ళడం మొదలుపెట్టాక, బతిమాలి, అలిగి, మళ్ళీ బతిమాలి కాలేజీలో చేరింది. ఇప్పుడు ఆఖరి ఏడాది. తోటి విద్యార్థులంతా ఆరేళ్ళు చిన్నవాళ్ళు, అందరికీ ఆమె 'అక్క'. ఈ ఇంటర్న్‌షిప్‌కి కాలేజీ నుంచి ఇద్దరే ఎంపికయ్యారు. ఒకరు అక్క, ఇంకొకరు ప్రతి పరీక్షలోనూ మొదట వచ్చే అబ్బాయి. అతన్ని లెక్చరర్లు కూడా టాపర్ అనే పిలుస్తారు.

వాళ్ళు దిగిన ఆసుపత్రి రెండంతస్తుల పాత భవనం. ప్రసూతి వార్డులో పన్నెండు మంచాలు, పైన కర్టెన్ల కోసం కొట్టిన ఇనుప కమ్మీలు, కమ్మీలకు కర్టెన్లు మాత్రం లేవు. అక్కడి పెద్ద డాక్టరు దిలాసా మనిషి, గట్టిగా నవ్వుతాడు, గట్టిగా మాట్లాడతాడు. మొదటి రోజే ఇద్దరి భుజాలూ తట్టి, "మీ దేశంలో అయితే దూరం నుంచి చూస్తారంతే. ఇక్కడ చేత్తో నేర్చుకోండి. ఇంతమంది పేషెంట్లు ఇంకెక్కడ దొరుకుతారు?" అన్నాడు. టాపర్ మొహం వెలిగిపోయింది. నిజం చెప్పాలంటే ఆమెదీ వెలిగింది. ఆరేళ్ళు పోగొట్టుకున్న మనిషికి ఎనిమిది వారాల్లో అంతా అందుకోవాలని ఆత్రం ఉండదా?

మొదటి రెండు వారాల్లో పెద్ద డాక్టరు చూడమన్న చోటల్లా చూసింది. నొప్పులు పడుతున్న నలుగురు ఆడవాళ్ళకు లోపలి పరీక్ష చేసి, గర్భసంచి ముఖద్వారం ఎంత తెరుచుకుందో వేళ్ళతో కొలిచి, సరిగ్గా చెప్పి శభాష్ అనిపించుకుంది. చెయ్యి వేసే ముందు లోపల ఏదో అర క్షణం ఆగేది. అంతలోనే 'ఇక్కడి పద్ధతి ఇదేనేమో' అని సర్ది చెప్పుకునేది. సర్ది చెప్పుకోవడంలో ఆమెకున్న అనుభవం టాపర్‌కి కూడా లేదు.

మధ్యమధ్యలో ఇంటి నుంచి ఫోన్లు. గ్యాస్ బుక్ చేసే నంబరేది, పాప సైన్సు పుస్తకం ఎక్కడ, వాషింగ్ మెషీన్ నీళ్ళు వదలడం లేదు ఏం చెయ్యాలి. ఒకరోజు వార్డు గుమ్మం పక్కన నిలబడి, మెడలో స్టెతస్కోపుతో, పాపకు రెండు జడలు ఎలా వెయ్యాలో భర్తకు వీడియోలో చూపిస్తోంది. అక్కడ ఇరవై ఆరేళ్ళుగా పురుళ్ళు పోస్తున్న పెద్ద నర్సు దాటి వెళుతూ ఆగింది. తనకొచ్చిన అరకొర ఇంగ్లీషులో, "నువ్వొక్కదానివే వచ్చావా, ఇల్లు కూడా మోసుకొచ్చావా?" అని అడిగింది. ఆమె నవ్వేసి, రెండో జడ ఎలా వెయ్యాలో చూపించింది.

మూడో వారం, ఒక ఉదయం. నాలుగో నంబరు మంచం మీద ఇరవై ఏళ్ళు కూడా నిండని పిల్ల, తొలి కాన్పు. పెద్ద డాక్టరు పరీక్ష చేశాడు. చేతులు కడుక్కుంటూ టాపర్‌ని చూడమన్నాడు. అతను చూశాడు, అనుమానం వచ్చి రెండోసారీ చూశాడు. ఆ పిల్ల మొహం గోడవైపు తిప్పుకుని దిండు అంచు పళ్ళ మధ్య బిగించి పట్టుకుంది. "ఇప్పుడు నువ్వు" అన్నాడు పెద్ద డాక్టరు ఆమెతో.

గ్లవ్స్ వేసుకుంది. వేసుకుని అలాగే నిలబడిపోయింది. ఎనిమిదేళ్ళ కిందట తను కన్నది తన కాలేజీ ఆసుపత్రిలోనే. నిన్నటిదాకా కారిడార్లో ఎదురుపడితే పక్కకు తప్పుకున్న జూనియర్లు అయిదుగురు, ఒకరి తర్వాత ఒకరు తనకు లోపలి పరీక్ష చేశారు. ఎవరూ పేరు చెప్పలేదు, ఎవరూ అడగలేదు. ఒకడు "నాకు దొరకట్లేదు" అంటే ఇంకొకరు కిసుక్కున నవ్వారు. ఆమె, తనకే గుర్తున్నా నమ్మశక్యం కాదు గానీ, కాస్త కదిలినందుకు వాళ్ళకు సారీ చెప్పింది. ఇంటికొచ్చాక భర్తతో చెబితే ఆయన పేపరు మడిచి ఓపిగ్గానే విన్నాడు. "డాక్టరు చదివినదానివి, నువ్వే అలా అంటే ఎలా? వాళ్ళూ నేర్చుకోవాలిగా. సర్దుకో" అన్నాడు. అత్తగారు పాపకు నీళ్ళు పోస్తూ, "మేమందరం కనలేదూ" అంది. ఆ తర్వాత ఆ సంగతి ఆమె మళ్ళీ ఎత్తలేదు. ఇన్నాళ్ళూ మర్చిపోయాననే అనుకుంది.

"ఈమెను అడిగామా సార్?" అంది.

"ఏమని?"

"మేం విద్యార్థులమనీ, చూడొచ్చా అనీ."

పెద్ద డాక్టరు నవ్వాడు. "అడిగితే ఎవరు సరేనంటారమ్మా?"

"అందుకే కదా సార్ అడగాల్సింది."

నవ్వు ఆగింది. టాపర్ ఆమె పక్కకు జరిగి, పెదవులు కదపకుండా తెలుగులో గొణిగాడు. "అక్కా, ప్లీజ్, సీన్ చెయ్యకు. సర్టిఫికెట్ మీద సంతకం పెట్టేది ఆయనే." ఆమె వినిపించుకోలేదు. పెద్ద నర్సు దగ్గరికెళ్ళి, 'నేను విద్యార్థిని, పరీక్ష చేయొచ్చా' అన్నది వాళ్ళ భాషలో ఎలా చెప్పాలో అడిగింది. నర్సు ఒకసారి డాక్టరు వైపు చూసింది, ఒకసారి ఈమె వైపు చూసింది, తర్వాత మెల్లగా, విడమరిచి, రెండుసార్లు చెప్పింది. ఆమె మంచం దగ్గర వంగి, ఆ పిల్ల కళ్ళకు తన కళ్ళు అందేలా, వంకర టింకరగా ఆ మాట పలికింది.

ఆ పిల్ల దిండు వదిలేసి చూసింది. ఒకే ఒక్క మాట అంది. నర్సు తర్జుమా చెయ్యనక్కర్లేదు, ఏ భాషలోనైనా ఆ మాట అలాగే ఉంటుంది. వద్దు.

ఆమె గ్లవ్స్ తీసి బుట్టలో పడేసింది. "అయితే చేతులు ముడుచుకుని కూర్చో" అని పెద్ద డాక్టరు విసురుగా వెళ్ళిపోయాడు. ఆమె చేతులు ముడుచుకోలేదు. మధ్యాహ్నం పెద్ద నర్సు బిడ్డను బయటికి తీసేదాకా ఆ పిల్ల పట్టుకుని నలిపేసింది వాటినే.

మర్నాటి నుంచి ఆమెను వార్డు నుంచి తీసేసి రికార్డుల గదిలో వేశారు. నాలుగో రోజు కాలేజీ నుంచి ఫోన్. విదేశీ ఇంటర్న్‌షిప్‌లు చూసే మేడమ్, మంచావిడ, ఆమెను మళ్ళీ కాలేజీలో చేర్చుకోవడానికి ప్రిన్సిపాల్‌తో పోట్లాడింది కూడా ఆవిడే. "సహకరించలేదని మెయిల్ పెట్టాడమ్మా ఆయన. నువ్వు చేసింది తప్పని నేననను. కానీ మన పిల్లలు ఏటా అక్కడికి వెళ్ళాలి కదా. రెండు లైన్లు సారీ రాసి పంపించెయ్. లేకపోతే ఈ ఇంటర్న్‌షిప్ లెక్కలోకి రాదు, నువ్వు ఇంకో ఆర్నెల్లు చదవాలి."

సాయంత్రం భర్తకు చెప్పింది. ఆయనకు కోపం రాలేదు, నవ్వొచ్చింది. "దీనికింత ఆలోచనా? రాసి పారెయ్. సారీ చెప్పడం నీకేమన్నా కొత్తా, ఇంట్లో రోజుకు పదిసార్లు చెబుతావు!"

సరదాగానే అన్నాడు. అందులో విషం లేదు, అదే ఆమెకు దిమ్మ తిరిగేలా చేసింది. నిజమే కదా. వేన్నీళ్ళు చల్లారితే సారీ, ఆయన ఫోన్ మాట్లాడుతున్నప్పుడు మిక్సీ మోగితే సారీ, పాపకు జలుబు చేస్తే సారీ, పరీక్ష రోజున ఇంటికి చుట్టాలొస్తే తాను పరీక్షకు వెళుతున్నందుకు సారీ. ఆఖరికి తన ఒంట్లో చేతులు పెట్టిన వాళ్ళకు కూడా తానే సారీ. ఇంతమందికి ఇన్ని చెప్పిన నోరు, ఆ నలుగురు ఆడవాళ్ళకు మాత్రం ఒక్కటీ చెప్పలేదు. మొదటి రెండు వారాల్లో తను అడగకుండా చెయ్యి వేసిన ఆ నలుగురికి. వాళ్ళు కదిలినప్పుడు తనకు సారీ చెప్పారేమో, భాష తెలియక తనకు అర్థం కాలేదేమో. ఆ ఆలోచన వచ్చాక ఇక కూర్చోలేకపోయింది.

"రాస్తాను" అంది భర్తతో. "మీరనుకున్న ఆయనకు మాత్రం కాదు. ఆర్నెల్లు చదవాల్సొస్తే చదువుతాను."

"ఇంట్లో పరిస్థితి తెలిసే మాట్లాడుతున్నావా? అమ్మకేం చెప్పను?"

"నేను చదువుకుంటున్నానని చెప్పండి. 'చదివిస్తున్నా' అని మాత్రం చెప్పకండి."

ఆయన ఇంకేదో అంటున్నాడు. ఆమె మధ్యలో ఫోన్ పెట్టేసింది. పెట్టేశాక, నాలుక చివరిదాకా వచ్చిన సారీని మింగేసింది. అది లోపలికి దిగడానికి కాస్త టైం పట్టింది.

మేడమ్‌కి పంపిన ఇంటర్న్‌షిప్ రిపోర్టులో జరిగింది జరిగినట్టు రాసింది. నాలుగో నంబరు మంచం సంగతే కాదు, అంతకుముందు తను చేసిన నాలుగు పరీక్షలూ తేదీలతో సహా రాసింది. తనకు శభాష్ దక్కిందనీ, వాళ్ళనెవరూ అడగలేదనీ, అడగనివాళ్ళలో తను కూడా ఉందనీ రాసింది. చివర, మన దగ్గరి నుంచి వచ్చేవాళ్ళెవరూ అడగకుండా చెయ్యి వెయ్యకూడదనే షరతు మీదే ఇకముందు విద్యార్థులను పంపాలని కోరింది. కాగితంలో ఎక్కడా సారీ లేదు. అది కాగితం మీద రాసేది కాదని అప్పటికే నిర్ణయించుకుంది.

రికార్డుల గదిలో వెయ్యడం ఒక రకంగా మేలే చేసింది. పసిపిల్లల టీకాలకు ఎవరు ఏ రోజు రావాలో అక్కడి రిజిస్టర్లలో ఉంటుంది. నలుగురిలో ఒకామె గురువారం రావాలి. ఆ పొద్దున ఆమె పెద్ద నర్సును వెంటబెట్టుకుని కిందికి దిగింది. కారిడార్లో పొడుగాటి బల్ల మీద పసిబిడ్డలతో కొందరు, నిండు కడుపులతో కొందరు, పదిహేను మంది దాకా కూర్చున్నారు. తను వెతుకుతున్న ఆమె ఈ చివర ఉంది, ఒళ్ళో నెల కూడా నిండని బిడ్డ. ఆమె ముందు నేల మీద గొంతుక్కూర్చుని, చెప్పాల్సింది చెప్పింది. నర్సు ఒక్కో ముక్కా వాళ్ళ భాషలోకి మార్చింది. మీకు నొప్పులొస్తున్నప్పుడు నేను మిమ్మల్ని అడగకుండా పరీక్ష చేశాను. నేనింకా డాక్టర్ని కాను, నేర్చుకోవడానికి చేశాను. అడగాల్సింది. తప్పు చేశాను.

ఆ తల్లి బిడ్డను ఇంకో చేతికి మార్చుకుంది. "ఆ రోజు చేతులు మంచుముక్కల్లా ఉన్నాయి. అవి నీవేనా?"

"నావే."

తిడుతుందేమో అనుకుంది. తిట్టినా బాగుండు అనుకుంది. ఆ తల్లి తిట్టలేదు, ఫర్వాలేదని కూడా అనలేదు. ఈ చివర నుంచి ఆ చివరి దాకా బల్లను ఒకసారి చూసి, నర్సుతో ఏదో చెప్పింది.

"నాకు చెప్పి ఏం లాభం, నా కాన్పు అయిపోయింది అంటోంది" అంది నర్సు. "ఇంకా కనాల్సిన వాళ్ళకు చెప్పమంటోంది, వద్దనొచ్చని."

ఆమె లేచి నిలబడింది. మోకాళ్ళు పట్టేశాయి. 'మీరు వద్దనొచ్చు' అన్నది వాళ్ళ భాషలో ఎలా అనాలో నర్సును అడిగి, తప్పు లేకుండా వచ్చేదాకా మూడుసార్లు అప్పజెప్పింది. తర్వాత బల్ల మీద ఆ పక్కనే కూర్చున్న నిండు గర్భిణి ముందు కూర్చుని, మొదట తన పేరు చెప్పింది.