తాకుతూ జారే లెక్క

పొద్దున పాలు పొంగే వేళ నుంచీ మా అపార్ట్‌మెంటు కొండ మీంచి సముద్రం వైపు జారుతోంది. నేను కుక్కర్లో పప్పు పెట్టి, గ్యాసు బండను కిటికీ ఊచకు తాడుతో కట్టేస్తాను. తాడు ఎప్పటినుంచో సిద్ధంగానే ఉంది.

నాకు కంగారు లేదు. జారుతుందని నేను మొదటినుంచీ అంటూనే ఉన్నాను. బాత్రూములో జారతారు, మెట్ల మీద జారతారు, ఇసుకలో స్కూటీ జారుతుంది. ఇల్లొక్కటే మిగిలింది.

కింది వాటా వరాలమ్మ బాల్కనీలోంచి తలెత్తి అరుస్తుంది.

"ఏటి వదినా, మీ పిల్ల లెక్కలేసుకుంటే మా కొంప జారాలేటి? నా వడియాలన్నీ పక్కోల డాబా మీదకెల్లిపోనాయి!"

"వడియాలు మళ్ళీ పెట్టుకోవచ్చు. నువ్వు ముందా చెప్పులు విప్పు వదినా. రబ్బరు చెప్పుల్ని నమ్మకూడదు."

ఆవిడ విప్పుతుంది. చెప్పులు ఆవిడకన్నా ముందు వెళ్ళిపోతాయి.

మా అమ్మాయి పావని వెనక గదిలో కంప్యూటరు ముందుంది. ఒక గట్టి వస్తువు మీద ఇంకోటి జారితే ఏమవుతుందో ముందుగా లెక్క కట్టడం దాని ఉద్యోగం. కొత్త ఓడను నీళ్ళలోకి దింపే ముందు తెర మీద ఒకసారి దింపి చూస్తుంది. ఇవాళ ఓడ బదులు మా ఇల్లొచ్చింది. తెర మీద ఇల్లంతా మైసూరుపాకు పళ్ళెంలా గళ్ళుగళ్ళుగా కోసి ఉంది. తలెత్తి చూస్తే మా గోడలూ అలాగే ఉన్నాయి.

కాఫీ పెట్టి దాని భుజం మీద చెయ్యి వేస్తాను. చెయ్యి భుజంలోంచి దిగి కుర్చీకి తగులుతుంది.

"ఏటే ఇది?"

"మనిద్దరికీ కాంటాక్ట్ ఇవ్వలేదమ్మా. ఏది దేన్ని తాకుతుందో కంప్యూటరుకి మనమే చెప్పాలి. చెప్పకపోతే ఒకదాంట్లోంచి ఒకటి వెళ్ళిపోతాయి. కొండకీ ఇంటికీ చెప్పాను. నీకూ నేలకీ, నీకూ కుర్చీకీ చెప్పాను. నాకూ కుర్చీకీ చెప్పాను."

"మరి నీకూ నాకూ?"

"అది చెప్పక్కర్లేదనుకున్నాను."

కిటికీలో బీచి రోడ్డు పెద్దదవుతోంది.

"నీళ్ళలోకి దిగినప్పుడు ఏమవుతుంది?"

"ఆ కుదుపుకి నువ్వో వైపు, నేనో వైపు. పట్టుకుందామన్నా నీ చేతికి తగలను."

"అయితే ఇప్పుడు చెప్పు."

"చెప్పాలంటే ముందు తగులుతూ ఉండాలి. మధ్యలో సందుంటే వస్తువు ఎటో ఎగిరిపోతుంది. తగిలేదాకా ఓ సన్న స్ప్రింగు కట్టి ఉంచుతారు."

నా గొలుసుకు ఎప్పుడూ పిన్నీసులు వేలాడుతుంటాయి. ఒకటి తీస్తాను. దాని మడతలో స్ప్రింగు ఉండనే ఉంది. నా కొంగునూ పావని చున్నీనీ కలిపి గుచ్చుతాను. పిన్నీసుకు ఎవరూ ఏమీ చెప్పక్కర్లేదు. అది దేనికైనా గుచ్చుకుంటుంది.

తాకే చోట గళ్ళు సన్నగా ఉండాలంటుంది పావని. నా అరచెయ్యీ దాని భుజమూ గసగసాలంత గళ్ళుగా విడిపోతాయి. చెయ్యి మెల్లగా దించుతాను. ఈసారి భుజం తగులుతుంది. వెచ్చగా ఉంది.

"రాపిడి ఎంత పెట్టమంటావు?"

"ఉన్నదంతా పెట్టు."

పెడుతుంది. నా చెయ్యి దాని భుజానికి అతుక్కుపోతుంది. నాకు చాలా బాగుంది. అదే రాపిడికి ఇల్లూ వాలు మీద ఆగిపోతుంది. తెర ఎర్రబడుతుంది.

"ఏటాపీసినారు?" కిందనుంచి వరాలమ్మ. "నా కూర వాలుగా ఉడుకుతంది!"

పావని చెయ్యి కాఫీ గ్లాసు దగ్గరకి వెళ్ళదు. భుజం లేవదు కాబట్టి ఛాతీ నిండదు. తీసుకున్న ఊపిరి సగంలో ఉంది. మిగిలిన సగంతో అంటుంది:

"లెక్క తేలడం లేదమ్మా. తగ్గించు."

"తగ్గిస్తే జారిపోతావు."

"జారతాను. తగులుతూనే జారతాను. తగలకుండా పోవడం వేరు."

దాని పెదవులు నీలంగా మారుతున్నాయి. ఎడం చెయ్యి కీబోర్డు మీద పెడతాను. రోజూ దుమ్ము తుడిచేది నేనే కాబట్టి మీటలు నన్ను గుర్తుపడతాయి. రాపిడి గడిలో ఉన్నదంతా చెరిపేసి, ఉల్లిపాయ ముక్కతో దోసె పెనం రుద్దినంత అని కొడతాను. కంప్యూటరు ఒప్పుకుంటుంది.

పావని ఊపిరి పూర్తిగా తీసుకుంటుంది. ఇల్లు కదులుతుంది.

బీచి రోడ్డు దాటి సముద్రంలోకి దిగుతాం. సముద్రానికి ఎవరూ ఏమీ చెప్పలేదు కాబట్టి ఎవరమూ తడవం. పప్పు కుక్కరు నీళ్ళలోనే కూత పెడుతుంది. కుదుపుకి పిన్నీసు తెరుచుకుని, చేపలా ఓసారి ఒళ్ళు విరుచుకుని వెళ్ళిపోతుంది.

పావని కుర్చీలోంచి లేచి జారడం మొదలుపెడుతుంది. నేను చెయ్యి బిగించను, తియ్యను. భుజం జారుతుంది, మోచెయ్యి, మణికట్టు, వేళ్ళు. వేళ్ళ తరవాత మళ్ళీ భుజం వస్తుంది. ఇది నాకు తెలియని చీరలో ఉంది. ఆ తరవాత ఇంకో భుజం, కాస్త ఒంగింది. రైలు పెట్టెల్లా ఒకదాని వెనక ఒక పావని నా అరచేతి కింద వెచ్చగా జారిపోతూ ఉంది. ఏ ఒక్కటీ తగలకుండా పోవడం లేదు.

ఇప్పుడు నెరిసిన జుట్టు తగులుతోంది. నాకంటే పెద్దదైన పావని. ఆవిడ నా చేతి కింద కాసేపు నిదానించి, నా కాళ్ళ వైపు చూస్తుంది.

"చెప్పులు విప్పవే," అంటుంది, "జారతావు."

నేను విప్పుతాను.