కాలవ టీవీలో తెలుగు అరగంట

శాలువా కప్పుతామని బుల్లియ్య ఫోన్ చేసినప్పుడే కూర్మనాథం 'వద్దు బాబూ' అని గట్టిగా అనేసి ఉంటే పోయేది. అన్లేదు. ఏదో నసిగాడు. ఆ నసుగుడిని బుల్లియ్య వినయం కింద జమకట్టేశాడు. రంగూన్లో పజుండౌంగ్ పేట తెలుగు సంఘానికి ప్రెసిడెంటు కదా, ఎవరు ఏం నసిగినా ఆయనకి కావలసిందే వినబడుతుంది.

"ఏటి మావా, నీకు కాక ఇంకెవరికి కప్పుతాం? మన అరగంట కోసం ఆ నెట్‌వర్కోళ్లతో ఒక్కడివీ కొట్లాడినోడివి. ఆదివారం పొద్దున్నే గుడి హాలుకి వొచ్చీ," అని పెట్టేశాడు.

ఫోన్ పెట్టేసి కూర్మనాథం తనలో తనే గొణుక్కున్నాడు. కొట్లాడాడట! ఎవడు కొట్లాడాడు?

ఆ అరగంట సంగతి చెప్పాలంటే ముందు కాలవ టీవీ సంగతి చెప్పాలి. పజుండౌంగ్ కాలవ పక్కన ఒక మేడ మీద ఉంటుందా ఛానలు. బోర్డు మీద పేరు ఎన్నిసార్లు మారినా మనవాళ్లకి అది కాలవ టీవీయే. రోజంతా సొంతంగా నడుపుకునే స్తోమత దానికి ఏనాడూ లేదు. ఏదో ఒక పెద్ద నెట్‌వర్కుతో పొత్తు పెట్టుకుని, వాళ్ల సీరియళ్లూ వాళ్ల వార్తలూ చూపిస్తూ, మధ్యలో దొరికిన ఖాళీల్లో తన ముచ్చట్లు తను చెప్పుకునేది. మొదటి ఎనిమిదేళ్లు ఒక నెట్‌వర్కు, అప్పుడు ఆకుపచ్చ బోర్డు. తర్వాత పన్నెండేళ్లు ఇంకోటి, ఎర్ర బోర్డు. ఈ నెలలోనే మూడోదానితో పొత్తు కుదిరింది. కొత్తవాళ్లు అరగంట మళ్లీ ఇస్తారేమోనని సంఘానికి ఆశ. శాలువా ఆ ఆశలోంచే పుట్టింది.

కూర్మనాథం మొదటి రోజు నుంచీ అక్కడ కంట్రోలు గదిలో మనిషి. లోకల్ ప్రోగ్రాం అయిపోగానే మీట నొక్కి నెట్‌వర్కు బొమ్మ కలపాలి. సెకను అటూ ఇటూ కాకూడదు. రంగూన్లో మనవాళ్లు చాలామందికి లాగే ఆయనకీ రెండు పేర్లు. ఇంట్లో కూర్మనాథం, ఆఫీసులో ఊ చో నైంగ్. అందులో తప్పేం లేదు, తాతల నాటి నుంచీ ఉన్నదే. ఆ రెండో పేరు వెనక నక్కి కూర్చోవడం మాత్రం తప్పు.

ఆకుపచ్చ బోర్డు రోజుల్లో ఆదివారం పొద్దున్న ఎనిమిదిన్నర నుంచి తొమ్మిది దాకా తెలుగు. నడిపింది కమలమ్మ. వారమంతా గుడి హాల్లో పిల్లల్ని కూర్చోబెట్టి పాటలు, పొడుపుకథలు, చిన్న చిన్న నాటకాలు నేర్పేది. ఆదివారం వాళ్లందరికీ తలలు దువ్వి స్టూడియోకి తోలుకొచ్చేది. వంతెన అవతల తన్లిన్ ఊళ్లో కూడా మనవాళ్లు ఆ అరగంట పొయ్యి మీద గిన్నె దించేసి కూర్చునేవారు. ఎంత సందడి! ఒక ఆదివారం తొమ్మిదైనా పిల్లల పాట అవలేదు. ముద్దుగా పాడుతున్నారు, మధ్యలో తెంపడానికి కూర్మనాథానికి మనసొప్పలేదు, రెండు నిమిషాలు మీట నొక్కలేదు. నెట్‌వర్కు వాళ్ల ప్రకటన ఒకటి ఎగిరిపోయింది. మేనేజరు పిలిచి నాలుగు చీవాట్లు పెట్టాడు. అంతే, అక్కడితో సరి. తర్వాత ఎవరూ దాని ఊసెత్తలేదు.

మూడు నెలలకి బోర్డు మారింది. ఎర్ర నెట్‌వర్కు ఆఫీసరు చేతిలో లిస్టుతో దిగాడు. లోకల్ ప్రోగ్రాములు ఒక్కొక్కటే అడుగుతూ తెలుగు దగ్గర ఆగాడు.

"ఏంటిది, ఈ కలావాళ్ల ప్రోగ్రాం? ఎవరైనా చూస్తారా?"

కలా అంటే అక్కడ మనల్ని అనే మాట. ప్రేమతో అనే మాట కాదు. గదిలో అందరూ కంట్రోలు మనిషి వైపు చూశారు. 'చూస్తారు సార్, మా ఇంట్లో చూస్తాం' అంటే చాలు. మెడ మీద కత్తి పెట్టినవాడు లేడు, ఉద్యోగం పీకుతానన్నవాడు లేడు. కానీ ఆ 'మా ఇంట్లో' అన్న మాట అంటే తనూ కలావాడైపోతాడు, ఆ నాలుగు కుర్చీల ముందు, ఒక్క నిమిషం పాటు. ఆ ఒక్క నిమిషం ఓర్చుకోలేకపోయాడు మహానుభావుడు.

"గుడి దగ్గర నలుగురు ముసలోళ్లు చూస్తారేమో సార్. నాకు వాళ్ల భాష రాదు," అన్నాడు ఊ చో నైంగ్. అని, నవ్వాడు కూడా. ఆఫీసరూ నవ్వి లిస్టు మీద గీత గీసేశాడు.

ఛీ, ఆ నవ్వు! పన్నెండేళ్లుగా అద్దం ముందు గడ్డం గీసుకుంటుంటే ఆ నవ్వే కనబడేది ఆయనకి.

అక్కడితో ఆగినా బాగుండేది. ఆ సాయంత్రం మనవాళ్లంతా చుట్టూ మూగి "ఎందుకు తీసేశారు, ఎందుకు తీసేశారు" అని ప్రాణం తీస్తే, "నేను ఎంత మొత్తుకున్నా ఇన్లేదు. ఆ రెండు నిమిషాల గొడవ కొత్తోళ్ల చెవిన పడి, అదే మనసులో పెట్టుకున్నారు," అనేశాడు. తన మెడకి చుట్టుకోవలసింది అలా కమలమ్మ మెడకి చుట్టేశాడు. ఆమెని ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. అననక్కర్లేకపోయింది. ఆమె హాలుకి రావడం మానేసింది.

ఆదివారం హాలు కిటకిటలాడింది. బుల్లియ్య అరగంట గురించి అరగంట మాట్లాడి, శాలువా కప్పి, దండ వేశాడు. కూర్మనాథం తల వంచుకునే ఉన్నాడు. అప్పుడు వెనక వరసలోంచి ఒక ముసలావిడ లేచింది. మనవరాలి భుజం పట్టుకుని అడుగులో అడుగు వేసుకుంటూ వచ్చి మైకు అడిగింది. కమలమ్మ!

"పన్నెండేళ్లయింది నేనీ గుమ్మం తొక్కి," అంది. "మొకం సెల్లక రాలేదు. ఆ రోజు నేను టైము సూసుకోలేదు. నా మూలాన మీ అందరి అరగంటా పోయింది. నా తప్పుకి ఈ తమ్ముడు ఆళ్ల కాళ్లా ఏళ్లా పడ్డాడు. ఇప్పుడు కొత్తోళ్లు మళ్లీ ఇస్తారంటన్నారు. ఇస్తే నేను దగ్గరికి కూడా రానని సెప్పండి. నా తప్పు కాయండి."

అని రెండు చేతులూ జోడించి ఆయనకి దండం పెట్టింది.

పెద్దావిడ చేత దండం పెట్టించుకున్నాక ఇంకా ఏముంటుంది దాచుకోవడానికి? మైకు లాక్కున్నాడు.

"కమలక్కా, నీ తప్పు ఇసుమంత లేదు. మీట నొక్కాల్సింది నేను, నొక్కలేదు. దానికి చీవాట్లతో సరిపోయింది. అరగంట పోయింది నా వల్ల. ఎవులు సూస్తారని ఆడు అడిగితే, నలుగురు ముసలోళ్లని సెప్పాను. ఆళ్ల భాష నాకు రాదన్నాను. నేను కొట్లాడలేదు. నవ్వాను."

బుల్లియ్య ఒక్క క్షణం తెల్లబోయి, వెంటనే తేరుకుని, "సూసేరా! పెద్దావిడ మనసు నొచ్చుకోకూడదని నింద తన నెత్తిన ఏసుకుంటన్నాడు! అదీ మనిషంటే!" అన్నాడు. చప్పట్లే చప్పట్లు. కూర్మనాథం 'కాదు, కాదు' అంటుంటే చప్పట్లు ఇంకా ఎక్కువయ్యాయి.

కమలమ్మ మాత్రం చప్పట్లు కొట్టలేదు. ఆయన మొహంలోకే చూస్తూ నిలబడింది.

"ఆపండెహే సప్పట్లు!" అని గదిమింది. పన్నెండేళ్ల కిందటి పంతులమ్మ గొంతు అది. చప్పట్లు ఆగిపోయాయి. "ఆడు నిజమే సెప్తన్నాడు. అగుపడ్డంలేదా మీకు?"

తర్వాత కూర్మనాథంతో, మైకు లేకుండా, నెమ్మదిగా అంది. "నా నోరు తెరిస్తే నలుగురికీ సెడుపే అనుకున్నాను తమ్ముడూ. మళ్లీ ఒక్క పాట పాడలేదు. ఈ పిల్ల నా ఒళ్లోనే పెరిగింది. దీనికి ఒక్క తెలుగు ముక్క నేర్పలేదు. అంతా బర్మా మాటే. నువ్వు నవ్వినావన్నమాట."

ఇంకేం అనకుండా వెళ్లి కుర్చీలో కూర్చుంది. మనవరాలు ప్రమోదకి పదిహేనేళ్లుంటాయి. ఏం జరిగిందో ఒక్క ముక్క అర్థం కాక అందరి మొహాలూ చూసి, చివరికి ఆయన దగ్గరికే వచ్చింది.

"బాబాయ్, మా బామ్మ ఏమంది? ఎందుకు ఏడుస్తోంది?" అని బర్మాలో అడిగింది.

ఇంకెవరైనా చెబుతారేమోనని చూశాడు. ఎవరూ కదల్లేదు. ఆయనే చెప్పాడు, బర్మాలో, మొత్తం. ఆఫీసరు అడిగింది, తను అన్నది, నవ్వింది, సాయంత్రం ఆడిన అబద్ధం. ఒక్కటీ దాచలేదు. పిల్ల చివరి దాకా విన్నది. తిడుతుందనుకున్నాడు, తిడితే బాగుణ్ణనుకున్నాడు.

"మరి మీ పిల్లలకి తెలుగు వచ్చా?" అని అడిగింది.

"వచ్చమ్మా."

"ఎవరు నేర్పారు?"



"మీ బామ్మే," అన్నాడు.