కర్టెన్లు వేసిన బస్సు

ఒక విషయం ఒప్పేసుకుంటాను. ఎర్రబడ్డ ఆకుల ఫొటో ఎవరు పెట్టినా సరిగ్గా చూడకుండానే లైక్ కొట్టేస్తాను. మా నాన్న తెక్‌సూ ముప్పయ్యేళ్ళు ప్రతి శరత్తులోనూ జనాన్ని ఎర్రాకులకి పేరుపడ్డ నేజాంగ్ కొండకి బస్సులో మోసుకెళ్ళాడు. ఒక్కసారైనా పైకెక్కి ఆ ఆకులు చూళ్ళేదు. పార్కింగులో సీటు వెనక్కి వాల్చి, ముఖం మీద టోపీ బోర్లించుకుని పడుకునేవాడు.

నేను చెబుతున్న ఆ రోజు కూడా అద్దం తుడుస్తూ, ఎక్కుతున్న వెల్లుల్లి మార్కెట్టు ఆడవాళ్ళకి పాత పాటే పాడాడు.

"బస్సులో డాన్సులు లేవమ్మా. దీనికే పోలీసులు రెండుసార్లు నా లైసెన్సు ఆపేశారు. ఈసారి ఆపితే తాళాలిచ్చి ఇంటికి పొమ్మన్నాడు ఓనరు."

"అలాగే డ్రైవరుగారూ!"

అందరిదీ ఒకే ఉంగరాల జుట్టు, ఒకే ఊదారంగు జాకెట్టు. వాళ్ళ సంఘం పెద్ద బొక్సూన్ అప్పటికే కర్టెన్లు లాగేస్తోంది.

"ఎండమ్మా, ఎండ!" అంది. బయట పొగమంచు.

కొండ కింద అందరూ దిగారు, బున్రే అనే ముసలామె తప్ప. మోకాళ్ళు పట్టేశాయట. నాన్న నిద్ర మట్టిగొట్టుకుపోయింది.

"నడవలేనప్పుడు ఎందుకొచ్చినట్టు పెద్దమ్మా?"

"ఆకులకా? అవి మా వాకిట్లో రోజూ ఊడ్చేవేరా అబ్బాయ్. బస్సులో డాన్సుకొచ్చా. పెళ్ళిళ్ళలో కూడా నన్ను కుర్చీలోంచి లేవనివ్వట్లేదు. పడిపోతానట."

"నా బస్సులో అసలు లేవనివ్వను."

"నీ మొహం చూస్తేనే తెలుస్తోందిలే," అని ఆమె పండు కోసి సగం చేతిలో పెట్టింది. నాన్న మొహం చిట్లించుకునే తిన్నాడు.

తిరుగుదారిలో, ఆకులు చూసొచ్చిన దేశమంతా రోడ్డు మీదే ఉంది. బస్సు ఎంతకీ కదలదు. బొక్సూన్ పాట పెట్టింది. నాన్న ఆపాడు. మళ్ళీ పెట్టింది. అరుద్దామని అద్దంలోకి చూస్తే, బున్రే రెండు సీట్ల వీపులు పట్టుకుని లేచి నిలబడింది. ఒక చెయ్యి వదిలి గాల్లోకి ఎత్తింది. మోకాళ్ళు కదల్లేదు. భుజాలు మాత్రం ఆడుతున్నాయి.

"ఒక్క పాట! ఒక్కటంటే ఒక్కటే! బస్సు కదిలేలోపు కూర్చోండి, మీకు పుణ్యముంటుంది!" అని విసుక్కుంటూ హ్యాండ్‌బ్రేక్ లాగాడు.

రెండో పాట మధ్యలో పోలీసు కిటికీ కొట్టాడు. చీమ దూరని ఆ జామ్‌లో అతని మోటారు సైకిలు ఎలా దూరిందో!

"డాన్సేంటి బాబూ, తిమ్మిరెక్కితే కాళ్ళు విదిలిస్తున్నాం," అని వాదించింది బొక్సూన్.

"బస్సు ఆగే ఉంది కదా సార్," అన్నాడు నాన్న.

"ఆగింది రోడ్డు మీదే కదా?" అంటూనే అతను లైసెన్సు కోసం చెయ్యి చాపాడు.

మార్కెట్టు దగ్గర దిగేటప్పుడు ఎవరూ నవ్వలేదు. బున్రే మా నాన్న మోచెయ్యి పట్టుకుంది.

"నా వల్ల నీ ఉద్యోగం పోయిందా నాయనా?"

"పోయింది. మెల్లిగా దిగండి, మెట్టు ఎత్తు."

తాళాలు ఓనరు బల్ల మీద పెట్టి, బస్సు వైపు తిరిగి చూడకుండా ఇంటికొచ్చేశాడు. "పీడ వదిలింది," అన్నాడు.

చివరి పనిరోజున మీ ఇళ్ళల్లో ఎవరు ఏం వదిలేసి వచ్చారో నాకూ చెప్పండి. మా నాన్న చూడకుండా వదిలేసింది మర్నాడు కొత్త డ్రైవరుకి కనిపించిందట: డ్రైవరు సీటు వెనక కొక్కేనికి తగిలించిన నల్ల ప్లాస్టిక్ సంచి, మూతి గట్టిగా ముడేసి, లోపల ఆ ఆడవాళ్ళు డ్రైవరు వాటాగా తీసిపెట్టిన బియ్యప్పిండి ముద్దలు, ఇంకా గట్టిపడకుండా.