ఊదారంగు పిస్తోలు వద్దన్న రోజు

మా కొండల్లో ఆడదానికి తుపాకీ ఎవరో ఒకరు ఇస్తారు. పెళ్ళికి ముందు తండ్రి, తర్వాత మొగుడు, మొగుడు లేకపోతే అన్న. తనంతట తాను కొట్టుకి వెళ్ళి ఏరుకున్న ఆడది మా లోయలో ఉందో లేదో నాకు తెలియదు. ఇచ్చినదాన్ని వద్దనడం అంటే ఇచ్చినవాడి మొహం మీద తలుపు వేసినట్టే. అందుకే ఆ శనివారం పొద్దున అమ్మ ఊదారంగు పిస్తోలును పెట్టెలో పెట్టి, ట్రక్కు సీటు మీద నా పక్కన ఉంచి, "డెల్బర్ట్ కొట్టుకి పోతున్నాం" అన్నప్పుడు నేను ఆ పెట్టెకి దూరంగా జరిగాను. శనివారం పొద్దున ఊళ్ళో మగాళ్ళందరూ ఆ కొట్లోనే కాఫీ తాగుతారు. వర్నన్ మామయ్య కూడా వస్తాడు. ఆ సంగతి అమ్మకి తెలుసు.

ఆ పిస్తోలు ఇచ్చింది మామయ్యే.

అమ్మ పేరు డార్లా. దారిలో ఆగిపోయిన బళ్ళకీ, కాలవల్లోకి జారిన బళ్ళకీ గొలుసు కట్టి లాక్కొచ్చే ట్రక్కు నడుపుతుంది. అది తాత ట్రక్కు. తాత పోయాక కాగితాలు మామయ్య పేరు మీదికి వచ్చాయి. బొగ్గు గనిలో మామయ్య మోకాలు చితికిపోయింది కాబట్టి ఆయన యార్డులో ఫోన్ దగ్గర కూర్చుంటాడు, రోడ్డు మీదికి వెళ్ళేది అమ్మ. మొన్న మార్చిలో క్వారీ రోడ్డు మీద ఒకడి బండిని బురదలోంచి లాగి ఒడ్డున పెట్టాక, వాడు కూలి ఇవ్వనని అమ్మ చెయ్యి మెలితిప్పాడు. ఎదురుగా వచ్చిన బొగ్గు లారీ హారన్ కొట్టబట్టి వదిలాడు. అమ్మ ఇంటికొచ్చి మణికట్టుకి ఐసు పెట్టుకుని, మర్నాడు మళ్ళీ ట్రక్కెక్కింది. మామయ్య అదే రోజు పిస్తోలు తెచ్చాడు.

"ఇది నీ ఒంటి మీదుండాలి. లేదా ట్రక్కు తాళాలు నా దగ్గరుండాలి," అన్నాడు.

అరచేతిలో ఇమిడిపోయేంత పిస్తోలు. చూడ్డానికి ముద్దుగా ఉంటుంది. ఆదివారం చర్చి అయ్యాక, యార్డు వెనక మట్టిగుట్టకి కాగితం పళ్ళెం గుచ్చి మామయ్య అమ్మచేత కాల్పించాడు. పట్టుకోవడానికి అమ్మ చిటికెనవేలికి చోటే దొరకలేదు. మరీ తేలికది కావడంతో పేలిన దెబ్బంతా చేతిమీదే పడింది. రెండోసారికి బొటనవేలి పక్కన చర్మం చీరుకుంది. ఆ తర్వాత పేలకముందే అమ్మ కళ్ళు మూసుకోవడం నేను చూశాను. పళ్ళేనికి ఒక్కటీ తగల్లేదు.

"మణికట్టులో బలం లేదే నీకు," అన్నాడు మామయ్య. "పర్లేదులే, ఎవడైనా వస్తే తీసి చూపించు, చాలు. హ్యాండ్‌బ్యాగులో వేసుకో."

"నాకు హ్యాండ్‌బ్యాగెక్కడిది అన్నయ్యా? ఉన్నా అది ట్రక్కులో ఉంటది, నేను బండి కిందుంటా. వచ్చినోడితో ఏమనమంటావ్? కాస్త ఆగు నాయనా, బ్యాగు తెచ్చుకుంటాననా?"

మామయ్య నవ్వలేదు. "వారం రోజుల్లో అలవాటు చేసుకో. లేకపోతే ట్రక్కుకి ఇంకొకణ్ణి చూసుకుంటా," అని లోపలికి వెళ్ళిపోయాడు. ట్రక్కు లేకపోతే అమ్మకి మిగిలేది పట్నంలో కోళ్ళు కోసే ఫ్యాక్టరీ. అమ్మ అక్కడ ఒక చలికాలం పనిచేసింది. ఆ చలికాలం ఇంట్లో ఎవరితోనూ మాట్లాడలేదు.

డెల్బర్ట్ కొట్లో ముందు వైపు చేపల ఎర, రంపపు పళ్ళు, బూట్లు ఉంటాయి. తుపాకులు చివర్న, అద్దాల బల్ల కింద. ఆ బల్లకి ఒక మూలన ఊదావి, గులాబీవి విడిగా పెట్టి ఉంటాయి. పక్కనే పొయ్యి చుట్టూ మగాళ్ళు కూర్చుని బిస్కట్లు కాఫీలో ముంచుకు తింటున్నారు. నేను బూట్ల వెనక నిలబడ్డాను.

డెల్బర్ట్ పెట్టె తెరిచి, పిస్తోలులోంచి తూటాల గొట్టం తీసి, పైభాగం వెనక్కి లాగి, లోపల వేలు పెట్టి చూసుకున్నాడు. ఖాళీదని తెలిసినా ఆయన అలా చూడకుండా ముట్టుకోడు.

"మొన్నే కదమ్మా మీ అన్న పట్టుకెళ్ళాడు. పాడైందా?"

"బానే ఉంది డెల్బర్ట్. నా చేతికి కుదర్లేదు. మార్చుకుందామని."

పొయ్యి దగ్గర్నుంచి ఒర్విల్ ముసలాయన తల తిప్పాడు. "రంగు నచ్చలేదేంటే డార్లా?"

"రంగు బ్రహ్మాండంగా ఉంది బాబాయ్. నీ చొక్కాకి సరిపోద్ది, తీసుకుంటావా?"

అందరూ నవ్వారు. డెల్బర్ట్ అదే మూలలోంచి చిన్న రివాల్వర్ ఒకటి తీసి బల్లమీద పరిచిన గుడ్డ మీద పెట్టాడు.

"ఆడోళ్ళందరూ దీన్నే అడుగుతారమ్మా. ఇందులో లాగేదేం లేదు, నొక్కడమే."

"వాళ్ళు అడుగుతారా, నువ్విస్తావా?" అంటూ అమ్మ దాన్ని అందుకుంది. నొక్కి చూడొచ్చా అని అడిగి, ఖాళీ గోడవైపు పెట్టి నొక్కింది. ట్రిగ్గర్ ఎంత బిరుసంటే, అది కదిలేలోగా గొట్టం మొన అటూ ఇటూ ఊగింది. "తుప్పు పట్టిన గడియలా ఉంది. వద్దు. అది తియ్యి."

అమ్మ చూపించింది మగాళ్ళ వైపున్న నల్లది. పెద్దది కాదు, మరీ చిన్నదీ కాదు.

"అది కాస్త లావమ్మా. దాచుకోవడం కష్టం."

"నా కోటు చూశావా? ఇందులో నా కూతుర్నే దాచొచ్చు."

నల్లది అమ్మ చేతిలో కూర్చుంది. చిటికెనవేలితో సహా అన్ని వేళ్ళకీ చోటు దొరికింది. డెల్బర్ట్ "పైభాగం లాగడం ఆడోళ్ళకి..." అని మొదలుపెట్టాడు. అమ్మ వేలికొసలతో లాగలేదు. రోజంతా గొలుసులు బిగించే చెయ్యి అది. అరచెయ్యంతా పైన మూసి ఒక చేత్తో వెనక్కి లాగుతూ, రెండో చేత్తో ముందుకి నెట్టింది. టక్కుమంది. డెల్బర్ట్ మాట పూర్తిచేయలేదు.

"ఇప్పుడు ట్రక్కులో కూర్చుని చూస్తా," అంది అమ్మ.

"కొనకుండా గుమ్మం దాటించను తల్లీ. మా నాన్నకే దాటించలేదు."

"అయితే ట్రక్కునే లోపలికి తెద్దాం. ఒక తోలు ఒర, ఒక ఎత్తు పీట ఇవ్వు. ఐవీ! బండిలోంచి ఆ పసుపు పట్టీ పట్రా."

క్లాసులో పేరు పిలిస్తే నేను పలికింది టీచరుకి వినబడదు. అలాంటిదాన్ని, ఊళ్ళో మగాళ్ళందరి ముందూ అమ్మ వెనక నిలబడి, బళ్ళు కట్టే పట్టీని ఆమె ఎడమ భుజం మీంచి కుడి తుంటి దాకా వేసి పట్టుకున్నాను. చెవులు కాలిపోయాయి.

"గట్టిగా పట్టుకోవే. నువ్విప్పుడు సీటు బెల్టువి."

ముందు ఒరని కుడి తుంటికి పెట్టుకుంది. అందరూ పెట్టుకునే చోటు అదే. చెయ్యి వెనక్కి పోనిచ్చింది. బెల్టు బిగించే చోట నా పిడికిలి ఉంది, దాని కింద కోటు ముడుచుకుపోయింది. చెయ్యి ఇరుక్కుంది.

"ఇంతసేపట్లో వాడు నన్ను పాతిపెట్టి, పువ్వులు కూడా పెట్టేసి పోతాడు," అంది.

తర్వాత బొడ్డు పక్కన పెట్టుకుంది. కూర్చుంటే బాగానే అందింది. కానీ అమ్మ లేచి, బండికింద గొలుసు తగిలించేటప్పటిలా ఆ చెక్క నేలమీద బోర్లా పడుకుంది. మూలిగింది. "అబ్బా, ఐవీ కడుపులో ఉన్నప్పుడు ఇక్కడే తన్నేది."

ఈసారి ఎడమవైపు ముందుకి, పిడి కుడిచేతికి అందేలా పెట్టుకుని, మళ్ళీ పీటెక్కింది. నేను బెల్టు వేశాను. కుడిచెయ్యి పొట్టమీంచి నేరుగా వెళ్ళింది. దేనికీ తగల్లేదు. డెల్బర్ట్ బల్లమీదికి వంగాడు. "తీసేటప్పుడు ఎడంచెయ్యి అడ్డం రానీకు. గుండెకి ఆనించుకో. ఆ... అట్లా."

"అది గుర్రాలోళ్ళ పద్ధతే! ఇప్పుడెవడు పెట్టుకుంటాడు?" అన్నాడు ఒర్విల్.

"గుర్రాలోళ్ళు కూర్చునే పనిచేశారుగా బాబాయ్. నాలాగే."

ఎడమవైపు పెట్టుకుంటే పడుకున్నప్పుడు గుచ్చుతుందేమో చూద్దామని అమ్మ మళ్ళీ నేలమీద పడుకుంది. ఎక్కడా గుచ్చలేదు. మామయ్య లోపలికొచ్చింది అప్పుడే.

"ఏంటే ఇది? నేలమీద ఏం చేస్తున్నావ్?"

"పని," అంది అమ్మ, లేవకుండానే.

మామయ్య చూపు బల్లమీది పెట్టె మీద పడింది. మెడ ఎర్రబడింది. "నేనిచ్చినదాన్ని అందరి ముందూ తెచ్చి పారేస్తావా?"

"పారెయ్యలేదు అన్నయ్యా. పెట్టెలో పెట్టి పట్టుకొచ్చా." అమ్మ లేచి మోకాళ్ళు దులుపుకుంది. "అది అంత మంచిదైతే నీ నడుముకున్నది తీసేసి అదే పెట్టుకో."

పొయ్యి దగ్గర ఎవరో ఈల వేశారు.

"నాదీ నీదీ ఒకటా? నేను మగాణ్ణే."

"క్వారీ రోడ్డు మీద వాడు, పాపం ఆడది కదా అని నా చెయ్యి సగం బలంతో మెలితిప్పాడా?"

మామయ్య చేతికర్ర ఎత్తి వెనక తలుపు చూపించి, "పద వెనక్కి. అదేదో అక్కడ చూద్దాం," అన్నాడు.

కొట్టు వెనక కొండని చెక్కిన మట్టిగోడ, దానికి ఎదురుగా ఒక చెక్కబల్ల ఉన్నాయి. కొనేవాళ్ళు అక్కడ కాల్చి చూసుకోవచ్చు. డెల్బర్ట్ కాగితం పళ్ళెం గుచ్చి, రెండు పిస్తోళ్ళలోనూ తూటాలు నింపి బల్లమీద పెట్టి, అందరికీ చెవులకి పెట్టుకునేవి ఇచ్చాడు. అమ్మ కాల్చిన మొదటి రెండూ పళ్ళేనికి కింద మట్టిలోకి పోయాయి. ఆదివారం తిన్న దెబ్బ చేతికి ఇంకా గుర్తుంది. మామయ్య గట్టిగా ఊపిరి వదిలాడు. అమ్మ పిస్తోలు దించింది. పెదవి కొరుక్కుంది. మళ్ళీ ఎత్తింది. నేను అమ్మ కళ్ళనే చూస్తున్నాను. ఈసారి అవి మూసుకోలేదు. ఒకటి అంచున తగిలింది. తర్వాతవి లోపల పడ్డాయి. మధ్యలో కాదు, అయినా పళ్ళెంలోనే.

అప్పుడు అమ్మ ఊదారంగుది తీసి, పిడి మామయ్య వైపు పెట్టి ఇచ్చింది.

మామయ్య మా లోయలో పేరున్న వేటగాడు. ఆ పిస్తోలు ఆయన చేతిలో అగ్గిపెట్టెలా ఉంది. రెండుసార్లు కాల్చాడు. ఒకటి తగిలింది, రెండోది ఎటు పోయిందో తెలియలేదు. దాన్ని బల్లమీద పెట్టేసి, ఆ చేతిని వెంటనే జేబులో దాచుకున్నాడు. నేను పక్కనే ఉన్నాను. అమ్మకి చీరుకున్న చోటే ఆయనకీ చీరుకుంది.

ఇంకెవరైనా అయితే అక్కడితో ఆగేవారు. మామయ్య ఆగలేదు.

"అయినా నా మాట మాటే. నా ట్రక్కులో నేనిచ్చిందే ఉంటది. లేదా తాళాలియ్యి."

అమ్మ కోటు జేబులోంచి తాళాలు తీసి, ఊదారంగు పిస్తోలు పక్కన పెట్టింది. "తీసుకో. ట్రక్కు నీది. నడుం నాది. దీనికేం కట్టుకోవాలో నేను చూసుకుంటా."

మామయ్య చెయ్యి చాచలేదు. ఆయన ఫోన్ మోగింది. చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. "ఎక్కడా? సికమోర్ వంపులోనా? ముందు చక్రాలు నీళ్ళలోకి పోయాయా?" అంటూ తాళాలవైపు చూశాడు. తర్వాత తన మోకాలివైపు చూసుకున్నాడు.

"మామయ్యా," అన్నాను. గొంతు కీచుమంది. మళ్ళీ అన్నాను. "మామయ్యా, నువ్వు నీళ్ళలో పడుకుని గొలుసు కట్టగలవా?"

అందరూ నావైపు తిరిగారు. అయినా నడిచి వెళ్ళి బల్లమీది తాళాలు తీసి, అమ్మ చేతిలో పెట్టాను. మామయ్య నన్ను ఆపలేదు.

అమ్మ తాళాలు పిడికిట్లో బిగించింది కానీ ట్రక్కు వైపు వెళ్ళలేదు. నల్ల పిస్తోలు ఖాళీ చేసి డెల్బర్ట్ చేతికిచ్చింది. "లోపలికి పద డెల్బర్ట్. కాగితాలు రాద్దాం. ఆ ఒర కూడా."

"వాళ్ళు కాలవలో ఉన్నారే!" అన్నాడు మామయ్య, ఫోన్ అరచేత్తో మూసి.

"ఉండనీ. చక్రాలు నీళ్ళలో ఉన్న బండి ఎక్కడికీ పోదు. నా నడుముకి ఇది లేకుండా నేను ఇవాళ రోడ్డెక్కను."

అమ్మ కొట్లోకి వెళ్ళింది. ఆమె వెనక డెల్బర్ట్ వెళ్ళాడు. మామయ్య కర్రకి ఆనుకుని ఆ తలుపు కేసి చూశాడు. తర్వాత ఫోన్ మీంచి చెయ్యి తీశాడు.

"మా చెల్లెలు వస్తోంది," అన్నాడు. "కాస్త ఆలస్యమవుద్ది."