డేటా కేబుల్ పాదు

మల్కాపురంలో జగ్గారావు ఇంట్లో రోజూ సాయంత్రం ఒకటే రగడ. కంప్యూటరు కింది గదిలో, ఫోనుకి సిగ్నలు డాబా మీద. ఫోన్లో నెట్టు కంప్యూటర్లోకి దిగాలంటే రెండిటికీ మధ్య కేబులుండాలి. ఫోను కంపెనీవాళ్ళిచ్చిన కేబులేమో మూరెడు. దాంతో ఏం చావాలి? పగలంతా పోర్టులో క్రేను నడిపొచ్చిన మనిషి, ఫోను కిటికీలోంచి బయటికి చాపి నిలబడి, చెయ్యి నొప్పెట్టి, కంపెనీవాడి తాతముత్తాతల్ని తిట్టుకునేవాడు.

చూసి చూసి విసుగెత్తిన తల్లి ఆదిలక్ష్మమ్మ, ఆ కేబుల్ని కిటికీ బయటికి లాగి, దాని నడిమి భాగాన్ని బీరపాదు మట్టిలో కప్పెట్టి, బియ్యం కడిగిన నీళ్ళు పోసింది. వారం తిరక్కుండా అది ఫోనుతో సహా డాబా ఎక్కింది.

"మా కేబులు కిటికీ కాడే ఆగిపోనాది. పేడెక్కువైనట్టుంది," అంది పక్కింటి పోతమ్మ.

జగ్గారావు కూతురు కుసుమకుమారికి ఇంజనీరింగు సీటు రావాలి. కావలసిన కాలేజీలు నెట్లో పెట్టడానికి ఆ సాయంత్రంతో గడువు సరి. పొద్దున్నే తను కాకినాడ కాలేజీని మొదట పెట్టి సేవ్ చేసేసింది. డ్యూటీ దిగొచ్చిన తండ్రి అది చూశాడు.

"ఏటే ఇది? మధురవాడలో కాలేజీల్లేవా? బస్సెక్కి ఎల్లొచ్చేయొచ్చు. మార్సు."

"నాకు నచ్చిన కోర్సు అక్కడుంది నాన్నా."

"నువ్వు హాస్టల్లో ఉంటే నాను నిద్దరోతానేటి? మార్సమంటన్నాను."

కుసుమ ఏడుపు దిగమింగుకుని మార్చడానికి కూర్చుంది. పేజీ తెరుచుకోదు. తెరుచుకున్నా కదలదు. జగ్గారావు పళ్ళు నూరుతున్నాడు. సరిగ్గా అప్పుడే, కూరకి బీరకాయలు కోద్దామని ఆదిలక్ష్మమ్మ డాబా ఎక్కింది. ఒక్క కొమ్మా లేకుండా సాగిపోతున్న కేబుల్ని చూసి, ఏ పాదుకైనా చేసినట్టే, ఫోను కింద గణుపు దగ్గర కొస పుటుక్కున తుంచింది. కింద నెట్టు పోయింది.

"అమా, ఏటి సేసినావ్?"

"తుంచితే కదరా కొమ్మలేత్తాది."

జగ్గారావు తల బాదుకుని నెట్ సెంటరుకి పరిగెత్తాడు. అక్కడ జనం వీధిదాకా ఉన్నారు. అతని వంతు వచ్చేసరికి గడువు దాటిపోయింది. సీటు కాకినాడలోనే వచ్చింది.

తల్లితో మాటలు మానేశాడు. కుసుమని హాస్టల్లో దింపి వచ్చిన మర్నాడు, డ్యూటీకి బయల్దేరుతూ పాదు దగ్గర ఆగాడు. తుంచిన చోట కేబులు రెండు కొమ్మలేసింది. ఒకటి డాబా మీదే ఉంది. రెండోది పిట్టగోడ దాటి, కాకినాడ వైపు తిరిగి, అప్పుడే పక్కింటి కొబ్బరిచెట్టు అందుకుంది.

బెంగతో రాత్రంతా కన్ను మూయని జగ్గారావు, చెంబుతో నీళ్ళు తెచ్చి పాదు మొదట్లో పోశాడు.

"అమా, ఇది అక్కడికెల్లేసరికి ఎన్నాళ్ళవుతాదంటావ్?"

"నువ్వు నీళ్ళాపకురా," అంది ఆదిలక్ష్మమ్మ.