పొగాకు పాఠం తరువాత

ల్యూబెన్ యంత్రం మూత తెరిచి, స్పిరిటులో ముంచిన గుడ్డతో లోపలి ఉక్కు డ్రమ్మును తుడుస్తున్నాడు. పాత టేపు రాల్చిన గోధుమరంగు పొడి గుడ్డకు అంటుకుంటోంది. మడత మార్చి మళ్ళీ తుడిచాడు. ఏళ్ళ తరబడి ఆ స్పిరిటు తగిలి అతని చూపుడువేలి కొన తెల్లబడి పొట్టు లేస్తుంటుంది. పొట్టి మనిషి, భుజాలు కాస్త ముందుకు వంగి ఉంటాయి. టేపుల గదిలోకి ఎవరూ రారని తెలిసినా రోజూ టై కట్టుకునే వస్తాడు.

మారిత్స నది ఒడ్డున ఉన్న ఆ చిన్న టెలివిజన్ కేంద్రంలో ఇప్పుడు అతని పని పాత క్యాసెట్లను కంప్యూటర్లోకి ఎక్కించడం. ఒకప్పుడు అతని పని అవే క్యాసెట్లను చెరపడం. చెరిపినవాడి చేతనే మిగిలినవి కాపాడించడంలో పైవాళ్ళ చమత్కారమేమీ లేదు. ఆ గదిలో వేరే మనిషి లేడు, అంతే.

"ల్యూబెన్ గారూ, టై విప్పితే టేపులు చిన్నబుచ్చుకుంటాయా ఏంటి?" అంటూ పక్కగదిలో పనిచేసే నెవెనా కాఫీ తెచ్చి బల్ల మీద పెట్టింది. తరువాత గొంతు తగ్గించి, "మీ అన్నయ్యగారికి ఎలా ఉంది?" అని అడిగింది.

"మధ్యాహ్నం వెళ్తున్నానమ్మా. డాక్టరు ఇక ఆశ పెట్టుకోవద్దన్నాడు."

అతని తోలుసంచిలో మామూలు ఇళ్ళలో ఆడే వీడియో క్యాసెట్ ఒకటి ఉంది. సంచి కుర్చీకి తగిలించి ఉన్నా, మాటిమాటికీ చెయ్యి దానిమీదికే పోతోంది.

ల్యూబెన్ పదేళ్ళపాటు వయొలిన్ నేర్చుకున్నాడు. ఏ వాద్యబృందమూ తీసుకోలేదు. అన్న ట్రెండఫిల్ ఏ బడికీ పోకుండా క్లారినెట్ పట్టుకుని పెళ్ళిళ్ళు వాయిస్తూ తిరిగాడు. చుట్టుపక్కల ఊళ్ళలో అతను దొరికే శనివారం చూసుకుని ముహూర్తాలు పెట్టుకునేవాళ్ళు. నాట్యం ఊపులో ఉంటే జనం నోట్లు తెచ్చి చెమటపట్టిన నుదుటికి అతికించేవాళ్ళు. తమ్ముడికి అది చూస్తే తల కొట్టేసినట్టుండేది. తన పెళ్ళికి మాత్రం క్లారినెట్ తేవద్దని ముందే చెప్పాడు. ట్రెండఫిల్ తేలేదు. కొత్త కోటు తొడుక్కుని, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

తరువాత ఆ అన్నే టెలివిజన్‌కు ఎక్కాడు. 'శనివారపు బల్ల' అని ఒక కార్యక్రమం వచ్చేది. ఏదో ఒక ఊళ్ళో పొడవాటి బల్ల వేసి, వైను పోసి, ముసలమ్మల చేత పాడిస్తూ, పక్కన ట్రెండఫిల్ చేత వాయించేవారు. కొత్త క్యాసెట్లు రావడం ఆగిపోయిన ఏడాది, పాతవాటిలో కొన్ని చెరిపి వాడుకొమ్మని పైనుంచి మాట వచ్చింది. ఏవి చెరపాలో ఎవరూ చెప్పలేదు, ల్యూబెన్ ఇష్టానికే వదిలేశారు. అతను ఒక్క క్షణమైనా ఆలోచించలేదు. వాద్యబృందాల కచేరీలు అన్నీ ఉంచి, 'శనివారపు బల్ల' మొత్తం చెరిపి, వాటి మీద పొగాకు రైతుల పాఠాలు రికార్డు చేశాడు. ఇల్లు ఊడ్చినంత తృప్తిగా అనిపించింది. నిజం చెప్పాలంటే, అతను దాచిన ఆ కచేరీల్లో సగం వాటిలో వాయించేవాళ్ళే ఆవలింతలు ఆపుకుంటుంటారు.

పోయిన చలికాలం ఒకనాడు పొగాకు పాఠం ఒకటి ఎక్కిస్తూ వెన్న రాసి కాల్చిన జున్ను పొరల రొట్టె, బనిత్స, తింటున్నాడు. ఆకుల్ని తీగకు గుచ్చడం చూపించి వ్యవసాయాధికారి సెలవు తీసుకున్నాడు. ఎప్పుడూ అక్కడ మీట నొక్కి ఆపేసేవాడే. ఆవేళ వేళ్ళకు వెన్న ఉండటంతో నొక్కలేదు. తెర మీద చుక్కలు ఎగిరి, పాఠం చాలక చెరగకుండా మిగిలిపోయిన పాత చిత్రం తోక బయటపడింది. బల్ల అంచు, ఎవరిదో మోచెయ్యి, రొట్టె కోస్తున్న ఒక ముసలమ్మ చేతులు. వాయించేవాళ్ళు కనబడరు. నాట్యానికి కాక, భోజనాల దగ్గర కూర్చుని వినడానికి వాయించే నిదానపు పాట అది.

పల్లెటూరి గోల, అనుకున్నాడు అలవాటుగా. క్లారినెట్ ఒక స్వరం దగ్గర ఆగింది. ఆగి దాన్ని వదలలేదు. పక్కనున్న స్వరంలోకి జారబోయి, జారకుండా అక్కడే వణికింది. తెర మీద ముసలమ్మ కత్తి రొట్టెలో ఆగిపోయింది. ల్యూబెన్ నోట్లో ముద్ద నోట్లోనే ఉండిపోయింది. రెండు నిమిషాలైనా లేని ఆ ముక్క అయిపోయాక, "అన్నయ్యా" అన్నాడు ఖాళీ గదిలో.

అప్పటినుంచి రోజూ దాన్ని వింటున్నాడు. ఇలాంటి తోక ఇంకెక్కడైనా మిగిలిందేమోనని పొగాకు పాఠాలన్నీ చివరిదాకా నడిపించి చూశాడు. ఎక్కడా లేదు, పని అంత శుభ్రంగా చేశాడు మరి. శనివారాలు ఇంట్లో ఒకప్పుడు మొహం తిప్పుకున్న పల్లె కార్యక్రమాలే వెతుక్కుని చూస్తున్నాడు. నచ్చేకొద్దీ లోపల ఏదో కోస్తుంది.

మంచం పట్టిన దగ్గరనుంచి ట్రెండఫిల్ ఒకటే అడుగుతున్నాడు. "నా బల్ల దొరికిందట్రా?" వెతుకుతున్నానని ల్యూబెన్ చెప్పేవాడు. నేలమాళిగలో నీళ్ళొచ్చి తడిసిపోయాయేమో అనీ చెప్పాడు. ఇవాళ ఆ ముక్క వినిపించి, నిజం కూడా చెప్పెయ్యాలి. ఇవాళ దాటితే చెప్పడానికి మనిషి ఉండకపోవచ్చు. అందుకే సంచిలో ఉన్న క్యాసెట్‌లో పాట ముందు పొగాకు పాఠం చివరి మాటలు కావాలనే ఉంచాడు. ఇది నా పాట మీదికి ఎలా వచ్చిందిరా అని అన్న అడుగుతాడు. అడిగితే చెప్పక తప్పదు.

ఊరి బస్సు దిగేసరికి రెండయింది. వదిన స్తమెనా పెరట్లో ద్రాక్షతీగలు కత్తిరిస్తోంది. కత్తెరతోనే లోపలికి వెళ్ళమని సైగ చేసింది.

ట్రెండఫిల్ తలగడలకు ఆనుకుని కూర్చున్నాడు. గుమ్మంలో వంగి నడిచే మనిషి ఇప్పుడు దుప్పటి కింద ఉన్నాడో లేడో అన్నట్టున్నాడు. క్లారినెట్ బరువు మోసి మోసి కాయకాచిన కుడి బొటనవేలు ఒక్కటే ఎప్పటిలా ఉంది. కిటికీ గూట్లో చిన్న గ్లాసుడు రకియా సారా, అందులో క్లారినెట్ మూతికి కట్టే రెల్లు రేకు. ఊదేముందు రేకు తడవాలి. ఊదే ఊపిరి పోయి చాలా కాలమైనా, స్తమెనా రోజూ పొద్దున్నే దాన్ని తడిపి పెడుతూనే ఉంది.

"వచ్చావా టై దొరా! నేనింకా పోలేదురా, అప్పుడే ముస్తాబై వచ్చావేం?"

"అన్నయ్యా, ఒకటి దొరికింది. చిన్న ముక్క."

మంచం ఎదుట ఉన్న టీవీలో క్యాసెట్ పెట్టాడు. వ్యవసాయాధికారి ఆకుల కట్ట పట్టుకుని రైతులకు సెలవు చెప్పాడు.

"ఓరి వీడి దుంప తెగ! నా ఊపిరితిత్తుల మీదా పొగాకే, నా పాట మీదా పొగాకేనా?" ట్రెండఫిల్ నవ్వాడు, నవ్వు దగ్గయింది. ఎలా వచ్చిందని మాత్రం అడగలేదు.

పాట మొదలైంది. దుప్పటి మీద ట్రెండఫిల్ వేళ్ళు కదిలాయి. కాసేపటికి ఎందుకో ఆగిపోయాయి. అతను తెర వదిలేసి తమ్ముడి వంక చూశాడు. ల్యూబెన్ నోరు తెరుచుకుని, టై చివరతో కళ్ళు ఒత్తుకుంటున్నాడు. ట్రెండఫిల్ చాలాసేపు అతన్నే చూశాడు.

"నేనే," అన్నాడు చివరికి. "నేనేరా. బాగానే ఊదాను కదూ?"

"అన్నయ్యా, నీకొకటి చెప్పాలి. ఆ టేపులు..."

"మళ్ళీ పెట్టు."

మళ్ళీ పెట్టాడు.

"నీకు నచ్చిందారా? నిజంగానే?"

"నచ్చింది అన్నయ్యా. నా పెళ్ళికి కూడా నువ్వు..."

"నీ పెళ్ళిలో నేను కడుపునిండా తిన్నాను. చేతులు ఖాళీగా ఉన్నాయిగా." కళ్ళు మూసుకున్నాడు. "నిద్దరొస్తోంది. మీ వదిన ఒక్కతే అవస్థ పడుతోంది, పోయి ఒక చెయ్యి వెయ్యి."

చెప్పాల్సిన మాట నోట్లోనే పెట్టుకుని ల్యూబెన్ పెరట్లోకి వెళ్ళాడు. నిద్ర లేచాక చెబుదాంలే అనుకున్నాడు. ఇన్నేళ్ళుగా అనుకుంటున్నదీ అదే.

స్తమెనా అతని చేతికి ఇంకో కత్తెర ఇచ్చింది. "కిటికీలోంచి విన్నాను. యాషార్ బలే వాయించాడు, పాపం."

"యాషార్ ఎవరు వదినా? అది అన్నయ్యే."

"కాదులే. అది తీసిన వారం మీ అన్నకి పన్ను పీకారు. మొహం గుమ్మడికాయంత అయింది. క్లారినెట్ పెదవికి ఆనిస్తే ఒట్టు. యాషార్‌ని పంపాడు బదులు."

"నేనే అన్నాడు కదా?"

"అంటాడు." ఆమె ఒక తీగ కత్తిరించి పక్కన పడేసింది. "టేపులు నువ్వే చెరిపావని మీ ఆఫీసు డ్రైవరు ఆ ఏడే ఎవరి పెళ్ళిలోనో తాగి వాగేశాడు. నేను నీ మీదికి వస్తానంటే మీ అన్న పోనివ్వలేదు. వాడే చెబుతాడు, తొందరపెట్టకు అన్నాడు. దొరికిందా దొరికిందా అని అడిగేది అందుకే. టేపు ఏం చేసుకుంటాడురా మీ అన్న? ఆ పాటలన్నీ వేళ్ళలోనే ఉన్నాయిగా."

"మరి ఇవాళ..."

"ఇవాళ ఇక చెప్పనక్కర్లేదని నిన్ను వదిలేశాడు, అబ్బాయ్."

ల్యూబెన్‌కు ముందు సిగ్గేసింది, వెనకాలే భయం వేసింది. సంగీతం తెలిసినవాడినని ఊరంతా చెప్పుకున్నాడు. ఒక తల్లి కడుపున పుట్టినవాడి ఊపిరి పోల్చుకోలేకపోయాడు. కత్తెర అక్కడే పడేసి లోపలికి పరిగెత్తాడు.

తెర మీద తెల్లచుక్కలు ఎగురుతున్నాయి. ట్రెండఫిల్ అలాగే కళ్ళు మూసుకుని ఉన్నాడు. బురద చెప్పులతో మంచం పక్కన నిలబడి ల్యూబెన్ మొదలుపెట్టాడు.

"అన్నయ్యా, నేనే చెరిపాను. ఎవరూ చెప్పలేదు, నేనే ఏరాను. నీళ్ళు రాలేదు, ఏమీ రాలేదు. నువ్వంటే సిగ్గుపడ్డాను. ఇప్పుడు విన్నది నువ్వు కాదని కూడా నాకు తెలియలేదు." చెప్పవలసినదంతా చెప్పేసి, టై దొరా అనే పిలుపు కోసం ఆగాడు.

పిలుపు రాలేదు. వెనకే వచ్చిన స్తమెనా వంగి భర్త ముక్కు దగ్గర వేలు పెట్టి చూసింది. చాలాసేపు అలాగే ఉంచింది. తరువాత వెళ్ళి టీవీ ఆపి, పోయే ప్రాణానికి దారి ఇవ్వాలని కిటికీ రెండు రెక్కలూ తెరిచింది. చల్లగాలికి కిటికీ తెర కదిలి చిన్న గ్లాసుకు తగిలింది.

గ్లాసు ఒరగలేదు. అందులో రెల్లు రేకు పొద్దున తడిపింది తడిపినట్టే ఉంది.